అడవికి కట్టిన ధర

1995లో కేరళలోని నిలంబూరుకు చెందిన టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ గూడలూరు అడవుల్లో కలప నరికివేత ఆపించమని సుప్రీంకోర్టుకెళ్లారు. ఆ ఒక్క కేసు దేశంలోని అడవులన్నిటినీ కోర్టు ముందు నిలబెట్టింది. 2002 అక్టోబరులో అందులోనే ఒక కొత్త నియమం పుట్టింది. గనికో ఆనకట్టకో అటవీ భూమి తీసుకునేవారు మరోచోట మొక్కలు నాటిస్తే సరిపోదు, పోయిన అడవి ‘నికర ప్రస్తుత విలువ’ కూడా కట్టాలి.

అప్పటిదాకా అడవి చవగ్గా చేతులు మారేది కాబట్టి ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. చిక్కంతా లెక్కలో ఉంది. 2008లో ఖరారైన రేట్లు హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయలుగా ఉండేవి. చెట్లు చిక్కగా ఉంటే ఎక్కువ, పలచగా ఉంటే తక్కువ. అభయారణ్యమైతే ఐదు రెట్లు.

ఎనిమిది దశాబ్దాలకు పైగా కనుమరుగై 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడిన కలివికోడి అనే పక్షి బతికేది అలాంటి పలచటి ముళ్లపొదల్లోనే. పొదల మధ్య ఖాళీ నేల ఉంటేనే అది తిరగగలదు. అలాంటి చిట్టడవి అభయారణ్యం గీత బయట పడితే, ఆ రేట్ల పట్టికలో అదే అన్నిటికన్నా చవక.

డబ్బు వసూలైంది. అడవి మాత్రం ఆ స్థాయిలో తిరిగి రాలేదు. 2006-12 మధ్య బదులుగా రావలసిన అటవీయేతర భూమి 1,03,382 హెక్టార్లు కాగా వచ్చింది 28,086, అందులో మొక్కలు నాటింది 7,281 హెక్టార్లేనని 2013లో కాగ్ తేల్చింది.

భూమి దొరకని చోట మొక్కలు పోడు చేల మీదికి వచ్చాయి. కాళేశ్వరం ప్రాజెక్టు కింద మూడు వేల హెక్టార్లకు పైగా అడవి పోయింది. దానికి బదులు మొక్కలు నాటడానికి 2019 జూన్ 30న కాగజ్‌నగర్ దగ్గరి సార్సాలకు అటవీ సిబ్బంది ట్రాక్టర్లతో వెళ్లారు. ఏళ్లుగా దున్నుకుంటున్న నేల తమదని ఊరివాళ్లు అడ్డుపడ్డారు. ట్రాక్టరెక్కి నిలబడ్డ మహిళా రేంజి అధికారిని ఒక గుంపు కర్రలతో కొట్టింది. ఆ దౌర్జన్యం క్షమించరానిది. కానీ ఎక్కడో మునిగిన అడవి బాకీని ఈ ఊరి చేలతో తీర్చాలనుకోవడం కూడా అన్యాయమే.

ఇలా వసూలైన డబ్బు ఖర్చు కోసం 2016లో ప్రత్యామ్నాయ అటవీకరణ నిధి బిల్లు రాజ్యసభకు వచ్చినప్పుడు, మొక్కలు నాటడానికి గ్రామసభ అంగీకారం తప్పనిసరి చేయాలని కాంగ్రెస్ సభ్యుడు జైరాం రమేశ్ సవరణ పెట్టారు. నిబంధనల్లో చూసుకుంటామని మంత్రి హామీ ఇచ్చాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2018 నిబంధనల్లో చోటు దక్కింది సంప్రదింపులకే. సార్సాల ఘర్షణ జరిగిన రెండు నెలలకు కేంద్రం ఈ నిధి నుంచి రాష్ట్రాలకు పంచిన 47,436 కోట్ల రూపాయల్లో తెలంగాణ వాటా 3,110 కోట్లు.