కుమావూన్ రెజిమెంటు సింహం: ఒక సైనిక చిహ్నపు హైదరాబాదు మూలాలు

భారత సైన్యంలోని కుమావూన్ రెజిమెంటు చిహ్నంలో నడుము వరకే కనిపించే సింహం ముందరి పంజాలతో శిలువను పట్టుకొని ఉంటుంది. రెజిమెంటు కేంద్రం రాణీఖేత్. సైనికుల్లో కుమావూనీలు, అహీర్లు ప్రధానం. అయినా ఈ సింహం హిమాలయ ప్రాంతానికి చెందినది కాదు. అది హైదరాబాదు చరిత్రకు చెందినది. సైనిక చిహ్నం దానిని ధరించినవారి సంస్కృతికి ప్రతిబింబమన్న సాధారణ భావన ఇక్కడ నిలవదు.

1811 నుంచి 1820 వరకు హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేసిన హెన్రీ రస్సెల్ చొరవతో 1813లో రస్సెల్ బ్రిగేడు ఏర్పడింది. చిహ్నంలోని సింహం రస్సెల్ వంశముద్రికలోనిది. దళాధిపతులు ఆంగ్లేయులు, జీతభత్యాల భారం మాత్రం నిజాం ఖజానాది. ఆ బాకీలు పెరిగి, 1853 ఒప్పందంతో బేరారు ప్రాంతం కంపెనీ పాలనలోకి వెళ్లింది. ఆపై ఈ సేన హైదరాబాద్ కంటింజెంటుగా వ్యవహరింపబడింది. బొల్లారం దాని ముఖ్య స్థావరాల్లో ఒకటి.

1903లో కంటింజెంటు పదాతిదళాలు భారత సైన్యంలో విలీనమయ్యాయి. 1922 పునర్వ్యవస్థీకరణలో అవి 19వ హైదరాబాద్ రెజిమెంటు అయ్యాయి. క్రమంగా నియామకాలు ఉత్తర భారతానికి మళ్లాయి. 1945 అక్టోబరు 27న రెజిమెంటు పేరులో 'హైదరాబాద్' స్థానాన్ని 'కుమావూన్' ఆక్రమించింది. చిహ్నం మాత్రం మారలేదు.

పేరు మారి చిహ్నం నిలవడంలో ఒక సూత్రం కనిపిస్తుంది. పేరు ఊరిని సూటిగా చెబుతుంది. సైనికుల ఊరు మారితే అది పొసగదు. చిహ్నం అలా చెప్పదు. మూలం మరుగున పడినకొద్దీ కొత్త అర్థానికి చోటిస్తుంది. భాషాశాస్త్రంలో అర్థవిపరిణామం అనేది ఇక్కడ దృశ్యరూపంలో జరిగింది. 'కాళికా మాతా కీ జై' అని నినదించే సైనికునికి ఆ సింహం ఒక ఆంగ్ల కుటుంబపు గుర్తు కాదు, పరాక్రమానికి సంకేతం.

అయితే ఈ కొత్త అర్థం పాత లెక్కను రద్దు చేయదు. సేనను నెలకొల్పిన అధికారి వంశగౌరవం చిహ్నంలో భద్రంగా ఉంది. ఆ సేనను పోషించిన సంస్థానానికి, పన్ను కట్టిన ప్రజకు అందులో చోటు లేదు. రెండవ బెటాలియను పేరుతో నేటికీ కొనసాగుతున్న 'బేరార్' అన్న మాట ఒక్కటే, ఈ సేన కోసం హైదరాబాదు చేజార్చుకున్న నేలను గుర్తుచేస్తుంది. కనుక సైనిక చిహ్నాలను చదివేటప్పుడు అవి చూపేదానితోపాటు, వాటిలో చోటు దొరకనివారిని కూడా పరిశీలించవలసి ఉంటుంది.