1.56 వోల్టులు

పాత ఆంప్లిఫయరు ఒకటి కింది మూత విప్పితే లోపల మాస్కింగ్ టేపు ముక్క కనపడింది. దాని మీద పెన్సిలుతో తేదీలు, ప్రతి తేదీ పక్కనా రెండేసి అంకెలు. 1963 నుంచి 1978 దాకా, ఏడాదికో రెండేళ్ళకో ఒకటి. అన్నిట్లోనూ అదే సంఖ్య: 1.56, 1.56. ఎవరు రాశారో తెలీదు, న్యూజెర్సీలో ఓ గరాజ్ సేల్లో కొన్నది. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే, అది పదిహేనేళ్ళ కమిట్ లాగ్ అన్నమాట.

ఆంప్లిఫయరు పేరు డైనాకో స్టీరియో 70. 1959లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చింది. డేవిడ్ హాఫ్లర్, ఎడ్ లారెంట్ అనే ఇద్దరి పని. ఒక్కో ఛానెలుకి 35 వాట్లు. ఇప్పటి లెక్కలో ఆ 35 ఏమంత కాదు గానీ, దీని విశేషం వాట్లలో లేదు. ఇది ఎక్కువగా కిట్‌గా అమ్ముడుపోయింది. అంటే డబ్బా విప్పి, పుస్తకం ముందు పెట్టుకుని, సోల్డరింగ్ ఐరనుతో మీరే తయారు చేసుకోవాలి. చిక్కుగా ఉండే చిన్న సర్క్యూట్ బోర్డుని మాత్రం కంపెనీ వాళ్ళే అతికించి ఇచ్చేవాళ్ళు. మిగతా తీగలన్నీ కొన్నవాడి బాధ్యత. 1977 దాకా మూడున్నర లక్షలకి పైగా అమ్ముడయ్యాయని అంటారు.

కాస్త వెనక్కి వెళ్ళాలి. 1947లో ఇంగ్లండులో విలియమ్సన్ అనే ఇంజినీరు వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఒక ఆంప్లిఫయరు డిజైను మొత్తం అచ్చేశాడు. దాచుకోలేదు. చదివినవాళ్ళు ఇళ్ళల్లో కట్టుకున్నారు. మనం ఓపెన్ సోర్స్ అని పేరు పెట్టుకున్న పద్ధతి అప్పటికే ఉంది. అమెరికాలో హాఫ్లర్, హెర్బర్ట్ కీరోస్ కలిసి 1951లో అల్ట్రా లీనియర్ అనే పద్ధతి మీద వ్యాసం రాశారు, మరుసటేడు దాన్నే విలియమ్సన్ డిజైనుకి అతికించారు. ఆ కిటుకు ఇంగ్లండులో బ్లూమ్‌లైన్ 1930లలోనే పేటెంటు చేసి ఉన్నాడు. ఎవరిది ముందు అన్న గొడవ నాకెందుకు గానీ, ప్రచారంలోకి తెచ్చింది మాత్రం వీళ్ళే.

సరే, ఇంతకీ ఆ 1.56 ఏమిటి?

ఈ ఆంప్లిఫయరులో ఒక్కో ఛానెలుకి రెండు పవర్ వాల్వులు (ఇక్కడివాళ్ళు ట్యూబులంటారు. నాకు మాత్రం మా ఊళ్ళో రేడియో బాగుచేసే షాపులో విన్న వాల్వు అన్న మాటే నోటికొస్తుంది). రంపాన్ని ఇద్దరు చెరోవైపు లాగినట్టు, పాటలోని తరంగాన్ని ఒక సగం ఒక వాల్వూ ఇంకో సగం రెండోదీ లాగుతాయి. ఒకడు వదిలేశాక రెండోవాడు పట్టుకునేలోపు రంపం ఆగిందనుకోండి, ఆ కుదుపు చెవికి గరుకుగా వినపడుతుంది. అందుకని పాట లేనప్పుడు కూడా ఇద్దరూ పిడి వదలకుండా, కొద్దిగా కరెంటు పారుతూ ఉండాలి. దాన్నే బయాస్ అంటారు. మరీ తగ్గితే గరుకు, మరీ పెరిగితే వాల్వు లోపలి ప్లేటు ఎర్రగా కాలి చస్తుంది. పైగా వాల్వులు ముసలివౌతుంటే ఈ కరెంటు మారిపోతూ ఉంటుంది. కాబట్టి అప్పుడప్పుడూ సరిచెయ్యాలి.

సరిచేసేది ఎవరు? టీచరు, గుమాస్తా, బట్టలకొట్టు ఆయన. వాళ్ళ దగ్గర ల్యాబ్ లేదు. అందుకని ఏం చేశారంటే, రెండు వాల్వుల కరెంటూ కలిసి పారే దారిలో 15.6 ఓముల రెసిస్టర్ ఒకటి పెట్టారు. వోల్టేజిని రెసిస్టెన్స్ పెట్టి భాగిస్తే కరెంటు, అంతే కదా: 1.56 వోల్టులు ఉంటే 100 మిల్లీ ఆంపియర్లు, వాల్వుకి 50 చొప్పున. కొలిచే పాయింటు ముందువైపు సాకెట్లోనే ఉంటుంది. పెట్టెని తిరగెయ్యక్కర్లేదు. మీటరు పెట్టు, స్క్రూ తిప్పు, 1.56 రాగానే ఆపు. (చెయ్యి జారకూడదు, అదే సాకెట్లో పక్క పిన్నుల్లో వందల వోల్టులుంటాయి.) ఇంకో సంగతి. అప్పటి కొత్త టార్చిలైటు సెల్లు కూడా దాదాపు అంతే వోల్టేజి ఇస్తుంది. నీ మీటరు మీద నీకే నమ్మకం లేకపోతే వీధి చివర కొట్లో ఓ సెల్లు కొనుక్కుని పోల్చి చూస్కోవచ్చు!

నా మట్టుకు నాకు ఇది గొప్ప డిజైను. మనం రాసే కాన్ఫిగరేషన్ ఫైళ్ళు చూడండి. నూటయాభై సెట్టింగులు, ఏది ఎంత ఉండాలో రాసినవాడికే తెలీదు. ఇక్కడ స్క్రూలు రెండు, సంఖ్య ఒకటి.

ఈ మురిపెంలోనే నేను బోల్తా పడ్డాను.

ముందు చెయ్యాల్సినవన్నీ చేశాను. బయాస్ సప్లైలో పాత సెలీనియం రెక్టిఫయరు ఉంటుంది, అది నీరసపడితే గ్రిడ్ మీద ఉండాల్సిన మైనస్ వోల్టేజి తగ్గిపోయి వాల్వులకి కరెంటు ఎక్కువైపోతుంది. తీసేసి సిలికాన్ డయోడు పెట్టాను. లీకయ్యే కప్లింగ్ కెపాసిటర్లు మార్చాను. రెండు ఛానెళ్ళూ 1.56కి తెచ్చాను. లైటార్పి ఘంటసాల పాటలు పెట్టుకున్నా. అరగంటకి ఎడమ ఛానెల్లో ఒక వాల్వు ప్లేటు మీద ఇంత ఎర్రటి మచ్చ. పరుగెత్తి మీటరు పెట్టి చూస్తే 1.56. నిక్షేపంగా ఉంది!

ఆపేసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటరుతో నిర్ధారించుకుని (స్విచ్చి ఆపినా వాటిల్లో ప్రాణం తీసేంత ఉండొచ్చు), ఒక్కో వాల్వుకీ వేరుగా 10 ఓముల రెసిస్టర్ పెట్టి మళ్ళీ కొలిచాను. ఒకదాంట్లో 74, రెండోదాంట్లో 26. కలిపితే వంద. ప్లేటు దగ్గర 400 వోల్టులు దాటి ఉంటుంది కాబట్టి 74 అంటే దాదాపు 30 వాట్లు. ఈఎల్34 వాల్వు ప్లేటు తట్టుకునేది 25. టీములో ఒకడు ఇద్దరి పనీ చేస్తూ కాలిపోతున్నాడు, మేనేజరు డాష్‌బోర్డు మాత్రం పచ్చగా ఉంది :-)

మరి హాఫ్లర్‌కి ఈమాత్రం తెలీదా? తెలీకుండా ఎలా ఉంటుంది. ఆ డిజైను వెనక ఒక నమ్మకం ఉంది: జత వాల్వులు రెండూ ఒకేలా ఉంటాయని. కొత్త కిట్‌లో కొత్త జత వచ్చినన్నాళ్ళూ అది పెద్ద తప్పు కాదు. చవకలో అందరికీ అందాలంటే ఎక్కడో కొయ్యాలి, ఆయన అక్కడ కోశాడు. పడమటి దేశాల్లో వాల్వు ఫ్యాక్టరీలు మూతపడ్డాక ఆ నమ్మకం చెల్లకుండా పోయింది, రెసిస్టర్ మాత్రం అక్కడే ఉండిపోయింది. ఈఎల్34కి మార్షల్ లాంటి గిటార్ ఆంప్లిఫయర్ల పుణ్యాన ఇంకా రోజులున్నాయి, రష్యా, చైనా, స్లొవేకియాల్లో ఇప్పటికీ చేస్తున్నారు. ఇందులోనే ఉండే చిన్న వాల్వు 7199కి అలాంటి దిక్కు లేక దొరకడమే కష్టమైంది. చాలామంది బోర్డే మార్చేస్తున్నారు.

ఇక్కడ కరెంటు సప్లై కూడా మారింది. డబ్బా మీద 117 వోల్టులని ఉంటుంది, మా ఇంట్లో ప్లగ్గులో 122 వస్తోంది. ఆ తేడా లోపలి వోల్టేజీలన్నిటికీ పాకుతుంది. అందుకే ఇప్పుడు చాలామంది 50కి బదులు 45కో 40కో దించి పెట్టుకుంటున్నారు. నేనూ అదే చేశాను. వాల్వుకో స్క్రూ, మొత్తం నాలుగు. ఒకటి తిప్పితే పక్కదాని అంకె కొంచెం కదుల్తుంది, కాబట్టి రెండు మూడు రౌండ్లు తిరగాలి. పావుగంట వేడెక్కనిచ్చి మళ్ళీ చూడాలి. 1959 నాటి గుమాస్తాకి ఇదంతా చెప్పి ఉంటే కిట్ వాపసు ఇచ్చేసేవాడేమో.

టేపు మీద రాసినాయన గురించి అప్పుడప్పుడూ ఆలోచిస్తాను. ఆయన రాసిన ఏ అంకే అబద్ధం కాదు, చెప్పిన చోట చెప్పినట్టే కొలిచాడు. ఆయన వాల్వులు కూడా 74, 26గా ఉన్నాయో, బుద్ధిగా 50, 50 ఉన్నాయో ఆ లాగ్ చూసి చెప్పే దారి లేదు. 1978 తర్వాత ఎందుకు ఆగిపోయిందో కూడా.

పాత టేపు పీకలేదు. పక్కనే కొత్త ముక్క అంటించి తేదీ వేసి, నాలుగు అంకెలు రాశాను. పోయిన నెల చూస్తే కుడి ఛానెల్లో రెండో వాల్వు 45 నుంచి 41కి జారింది. పావు చుట్టు తిప్పాను.