ఇత్తడి బూరలో జీర: వాల్వుల చరిత్ర, మరమ్మతు విద్య

ఉపోద్ఘాతం

వాద్యాల చరిత్ర సాధారణంగా నిర్మాతల చరిత్రగా సాగుతుంది. ఎవరు కనిపెట్టారు, ఏ సంవత్సరంలో పేటెంటు పొందారు అన్న ప్రశ్నల చుట్టూనే చర్చ తిరుగుతుంది. నిర్మాణం పూర్తయిన తరువాత ఆ వాద్యం దశాబ్దాల పాటు ఎలా పనిచేసింది, దానిలో పుట్టిన దోషాలను ఎవరు ఎలా సరిదిద్దారు అన్నది చాలావరకు పరిశీలనకు రాలేదు. ఇత్తడి బూరల్లో పుట్టే జీరను, లొడలొడ చప్పుడును ఆధారంగా చేసుకొని ఆ రెండవ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిశ్చలమైన గొట్టం నుంచి కదిలే యంత్రానికి

18వ శతాబ్ది ఐరోపాలో వాడిన సహజ బూర ఒక పొడవైన గొట్టం మాత్రమే. అందులో కదిలే భాగమేదీ లేదు. గొట్టాల మధ్య చెక్క దిమ్మ ఉంచి దారంతో చుట్టి కట్టేవారు. అతుకుల వద్ద తేనెమైనం వాడేవారు. చెక్క, దారం, మైనం మూడూ కంపనాన్ని తమలో ఇముడ్చుకొనేవే కనుక లోహం లోహానికి తగిలి మోగే అవకాశం తక్కువ. అయితే ఆ బూర అనుస్వరాలను తప్ప అన్ని స్వరాలనూ పలకలేదు.

ఈ పరిమితిని దాటడానికి హైన్రిష్ ష్టోల్‌ట్సెల్, ఫ్రీడ్రిష్ బ్లూమెల్ 1818లో ప్రష్యాలో వాల్వుకు ఉమ్మడిగా పేటెంటు పొందారు. 1830లో వియన్నాలో లియోపోల్డ్ ఊల్‌మాన్ జంట పిస్టన్ల పద్ధతికి, 1835లో అక్కడే జోసెఫ్ రీడల్ తిరుగుడు వాల్వుకు పేటెంటు పొందారు. ఆ దశాబ్ది చివరలో పారిస్‌లో ఫ్రాన్స్వా పెరినే రూపొందించిన పిస్టన్ నేటి ట్రంపెట్లకు మూలమైంది.

ఈ ఆవిష్కరణలన్నీ స్వరాల కొరతను తీర్చాయి. వాటితోపాటే మర, స్ప్రింగు, మూత, మీట, కీలు వాద్యంలోకి ప్రవేశించాయి. తిరుగుడు వాల్వులో మీట కదలిక లోహపు కీళ్ల ద్వారా అందుతుంది. ఆ కీళ్లు అరిగితే నొక్కినప్పుడల్లా టకటకమంటాయి. కీళ్లకు బదులు దారంతో మీటను కలిపే పద్ధతి కూడా వాడుకలో ఉంది. అది అంత చప్పుడు చేయదు. సహజ బూర నుంచి తొలగిపోయిన దారం మరొక రూపంలో తిరిగి వచ్చిందనవచ్చు.

జీర జాడ

మరమ్మతుదారు మొదట రెండు చప్పుళ్లను వేరు చేస్తాడు. ఊదకుండా వాల్వులు నొక్కినప్పుడే చప్పుడు వస్తే దోషం యాంత్రికమైనది. అరిగిన బెండు, నలిగిన ఫెల్టు, వదులైన కీలు, స్ప్రింగు దానికి కారణాలు కావచ్చు. ఊదినప్పుడే, అదీ ఏదో ఒక స్వరం వద్దనే జీర పలికితే అది సహకంపనం. వదులుగా ఉన్న భాగానికి తనదైన కంపన వేగం ఉంటుంది. ఊదిన స్వరం దానితో కలిసినప్పుడే అది మోగుతుంది.

అందువల్ల స్వరాలన్నింటినీ వరుసగా, నెమ్మదిగా, గట్టిగా ఊదించి ఏ స్వరం వద్ద జీర వస్తుందో గుర్తిస్తారు. ఆ స్వరాన్ని నిలిపి ఉంచి, ఒక్కొక్క భాగాన్నీ వేలితో అదిమి చూస్తారు. ఏది అదిమితే జీర ఆగుతుందో దోషం అక్కడ ఉన్నట్టు. అదే స్వరాన్ని వేరొక వాల్వుల కలయికతో పలికించడం మరొక పరీక్ష. అప్పుడు జీర పోతే మొదటి కలయికలోని గొట్టాన్ని అనుమానించాలి. పోకపోతే బూర మూతి, ఆనింపు కడ్డీల వంటి ఉమ్మడి భాగాల వైపు చూడాలి. మూతి అంచులో రేకు మడతలోని తీగ వదులైనా జీర పుడుతుంది. కొన్నిసార్లు దోషం వాద్యంలో ఉండదు. ఊదేవారి ఉంగరమో, గదిలోని దీపపు గాజో మోగుతుంది. కాబట్టి ముందుగా వాటిని తొలగించి చూడటం వివేకం.

మాటు

అతుకు విడిపోవడం జీరకు ముఖ్యకారణాల్లో ఒకటి. ఇత్తడి కరగడానికి 900 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడి కావాలి. తగరం, సీసం కలిసిన మాటు లోహం తగిన పాళ్లలో 183 డిగ్రీల వద్దనే కరుగుతుంది. ఈ వ్యత్యాసమే ఇత్తడి బూరను మరమ్మతుకు అనువైన వస్తువుగా నిలిపింది. అయితే వేడి ఎక్కువైతే పక్క అతుకులు ఊడిపోతాయి. వంగిన కడ్డీని బలవంతంగా లాగి మాటు వేస్తే ఆ బిగువుకు అతుకు మళ్లీ విచ్చుకొంటుంది. ముందు కడ్డీని సరిచేసి, అది తనంతట తాను కూర్చొన్న తరువాతే మాటు వేయాలి. ఈ క్రమం పేటెంటు పత్రాల్లో దొరకదు. చేతి నుంచి చేతికి వచ్చిన విద్య ఇది.

ఆధారాల సమస్య

పాత మాటు మరక, ఎక్కడో అతికిన రేకు ముక్క, జతకాని మర ఇవన్నీ చారిత్రక ఆధారాలే. వాద్యం ఎక్కడ ఎక్కువగా అరిగిందో, ఎంతకాలం వాడుకలో ఉందో అవి తెలుపుతాయి. ప్రదర్శన కోసం వాటిని చెరిపి మెరుగు పెడితే ఆధారం నశిస్తుంది. చెరపకుండా వదిలితే వాద్యం పలకకపోవచ్చు. ఈ సందిగ్ధానికి ఒకే పరిష్కారం లేదు. కనీసం మరమ్మతుకు ముందు ఆ గుర్తులను నమోదు చేయడం అవసరం.

ఈ ప్రశ్న మనకూ సంబంధించినదే. బ్రిటిష్ సైనిక బ్యాండ్ల ద్వారా వచ్చిన ఈ వాద్యాలు పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళంగా మన వీధుల్లో స్థిరపడ్డాయి. మీరట్ నగరం వాటి తయారీకి కేంద్రమైంది. గ్రెగరీ బూత్ 2005లో వెలువరించిన ‘బ్రాస్ బాజా’ భారతీయ పెళ్లి బ్యాండ్లపై విస్తృతమైన అధ్యయనం. తెలుగు ప్రాంతాల మరమ్మతు విద్యను, దాని పదజాలాన్ని ప్రత్యేకంగా సేకరించవలసి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు చేసిన మేలు ఇందుకు మార్గదర్శకం. మాటు, అతుకు, బెండు, జీర, లొడలొడ వంటి మాటలు వాద్యం ఒళ్లో ఏ అర్థచ్ఛాయలు పొందుతున్నాయో పనివారి నోటనే వినాలి.

ముగింపు

తంబురాలో జీవాళి దారం పుట్టించే జీర శ్రుతికి ప్రాణం. ఇత్తడి బూరలో అటువంటి జీరే దోషం. కనుక ఏది నాదం, ఏది చప్పుడు అన్న నిర్ణయం లోహంలో లేదు, సంప్రదాయంలోనూ శిక్షితమైన చెవిలోనూ ఉంది. వాల్వు చరిత్రను రాసేటప్పుడు పేటెంటు పొందిన పేర్లతోపాటు, ఆ వాల్వు పలుకుతూ ఉండేట్లు కాపాడిన పేరులేని చేతులకూ చోటు దక్కాలి. వాటి సాక్ష్యం కాగితంపై లేదు, మాటు గీతల్లో ఉంది. ఆ గీతలు మెరుగుకు లోబడక ముందే, వాటిని వేసిన తరం ఉండగానే ఆ పని మొదలుకావాలి.