అప్లికేషన్‌తో పాటు భాష: వైకాటో, ఆక్లాండ్‌ల అనుభవం

ఒక భాషలో రాసిన ప్రోగ్రామ్ ఒంటరిగా నడవదు. ఫైలు తెరవడం, తేదీ లెక్కకట్టడం, పేర్లను అకారాది క్రమంలో పేర్చడం, తెర మీద బటన్ గీయడం లాంటి పనులను ఆ భాషతో వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ చేసిపెడుతుంది. సీ భాషలో ఈ లైబ్రరీని కంపైల్ చేసేటప్పుడే ప్రోగ్రామ్‌లో కలిపేయవచ్చు, లేదా ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్నదాన్నే వాడుకోవచ్చు. టీసీఎల్, జావా, ఆర్, పైథాన్ భాషల్లో మామూలుగా అది డిస్కు మీద విడి ఫైళ్లుగా ఉంటుంది. ఆ ఫైళ్లు కనబడకపోతే ప్రోగ్రామ్ మొదటి వరుస దగ్గరే ఆగిపోతుంది. వాటిని వాడేవారు విడిగా తెచ్చుకోవాలా, అప్లికేషన్ తయారుచేసినవారే జతచేసి ఇవ్వాలా అన్న ప్రశ్నకు న్యూజిలాండ్‌లోని రెండు విశ్వవిద్యాలయాలు ముప్పై ఏళ్లలో వేర్వేరు జవాబులు ఇచ్చాయి.

హామిల్టన్ నగరంలోని వైకాటో విశ్వవిద్యాలయంలో 1993లో ప్రభుత్వ నిధులతో వెకా అనే మెషిన్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ పని మొదలైంది. పేరు ఆ దేశపు ఎగరలేని పక్షిది. పాడి, పండ్లతోటల వంటి వ్యవసాయ సమాచారానికి ఈ పద్ధతులను అన్వయించడం మొదటి లక్ష్యాల్లో ఒకటి. తెర మీద కనిపించే భాగాన్ని టీసీఎల్‌లోనూ దాని జంట టీకేలోనూ రాశారు. లెక్కలు చేసే ప్రోగ్రాములు ఎక్కువగా సీలో ఉండేవి. 1996 అక్టోబరులో 2.1 వెర్షన్ బయటికొచ్చింది. 1997 జూలైలో వచ్చిన 2.2లో ఎనిమిది అల్గారిథమ్‌లు ఉన్నాయి. అవి వాటి అసలు రచయితలే రాసినవి. వాటిని షెల్ స్క్రిప్టులతో ఒకదానికొకటి తగిలించారు.

అసలు చిక్కు ఈ తగిలింపుల దగ్గరే వచ్చింది. కింద ఉన్న లైబ్రరీ ఏది మారినా పైన ఏదో ఒకటి పనిచేయడం మానేసేది. ఇన్‌స్టాల్ చేసుకోవడం వాడేవారికి విసుగు పుట్టించేది, నిలబెట్టుకోవడం తయారుచేసినవారికి భారమయ్యేది. టీసీఎల్ సంగతి తెలిసిందే: దాని స్టాండర్డ్ లైబ్రరీ స్క్రిప్టుల ఫోల్డర్ రూపంలో ఉంటుంది, ఇనిట్.టీసీఎల్ అనే ఫైలు కనబడడం లేదన్న ఫిర్యాదును ఆ భాషతో పనిచేసినవారిలో చూడనివారు తక్కువ. ఆ ఫోల్డర్‌నంతా ఒకే ఫైలులో ఇమిడ్చే స్టార్‌కిట్ పద్ధతి 2002 ప్రాంతంలో గానీ టీసీఎల్ లోకంలో స్థిరపడలేదు. వెకా అప్పటికే ఆ భాషను వదిలేసింది.

వెకా బృందం మొత్తాన్నీ జావాలో తిరగరాయాలని తీర్మానించింది. అప్పటికి జావా పుట్టి రెండేళ్లు కూడా నిండలేదు, వేగం తక్కువ. గంటల తరబడి లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌కు అది తగిన భాష కాదనే ఎవరైనా అనుకుంటారు. ఆ లోటు తెలిసే, ఎక్కడైనా నడిచే గుణం కోసం, సులభంగా ప్యాక్ చేసి పంచగలగడం కోసం జావా వైపు మొగ్గారు. లెక్కల వేగం కన్నా పంపిణీ సౌలభ్యానికే పెద్దపీట వేసిన ఈ నిర్ణయం సాహసమే. తర్వాతి రోజుల్లో వెకా పొందిన వ్యాప్తికి అదే ముఖ్య కారణమని చెప్పవచ్చు. 1998లో టీసీఎల్ ఆధారిత చివరి వెర్షన్, 1999 నడుమ పూర్తిగా జావాలో రాసిన 3.0 వచ్చాయి. ఇయన్ విట్టెన్, ఐబే ఫ్రాంక్‌లు రాసిన డేటా మైనింగ్ పాఠ్యపుస్తకంతో అది ప్రపంచమంతా తిరిగింది. హైదరాబాదు, కాకినాడ జేఎన్‌టీయూల పరిధిలోని ఇంజనీరింగ్ కాలేజీల డేటా మైనింగ్ ల్యాబుల్లోకీ చేరింది. జర్మన్ క్రెడిట్ డేటాతో అప్పు ఇవ్వవచ్చా లేదా అని తేల్చే అభ్యాసం అక్కడ చదివిన చాలామందికి గుర్తుండే ఉంటుంది.

జావాలో వెకా అంతా ఒక్క జార్ ఫైలులో ఇమిడింది. కానీ ఆ ఫైలు నడవాలంటే జావా వర్చువల్ మెషిన్, దాని స్టాండర్డ్ లైబ్రరీ కంప్యూటర్‌లో ఉండాలి. ఇన్నాళ్లూ అనేక ముక్కలుగా ఉన్న చిక్కు ఇప్పుడు ఒక్కచోటికి చేరింది. అందుకే విండోస్ కోసం రెండు ఇన్‌స్టాలర్లు పెట్టారు: జావా ఉన్నవారికి చిన్నది, లేనివారికి పేరు చివర జేఆర్‌ఈ (జావా రన్‌టైమ్) అని ఉండే పెద్దది. జావా 8 దాకా ఆ లైబ్రరీలో ప్రధాన భాగం ఆర్‌టీ.జార్ అనే ఒకే ఫైలు, సుమారు 60 మెగాబైట్లు. దాన్ని కోసి, కావలసిన క్లాసులను మాత్రమే పంపడానికి జావాను తయారుచేసిన సన్ సంస్థ లైసెన్సు ఒప్పుకునేది కాదు. ఐచ్ఛికమని చెప్పిన కొన్ని ఫైళ్లు మినహా రన్‌టైమ్‌ను మొత్తంగానే జతచేయాల్సి వచ్చేది. మ్యాక్ కంప్యూటర్లలో మొదట ఈ బెడద లేదు, ఎందుకంటే యాపిల్ తానే జావా ఇచ్చేది. 2011లో ఓఎస్ టెన్ లయన్‌తో ఆ అలవాటు మానింది. తర్వాత మ్యాక్ డిస్క్ ఇమేజ్‌లోనూ, సన్‌ను కొన్న ఒరాకిల్ సంస్థ వర్చువల్ మెషిన్ చేరింది.

2017 సెప్టెంబరులో వచ్చిన జావా 9 ఆర్‌టీ.జార్‌ను రద్దుచేసి లైబ్రరీని మాడ్యూళ్లుగా విడగొట్టింది. కావలసిన మాడ్యూళ్లతో చిన్న రన్‌టైమ్ తయారుచేసే జేలింక్ అనే పరికరాన్ని ఇచ్చింది. అప్లికేషన్‌ను రన్‌టైమ్‌తో కలిపి ఇన్‌స్టాలర్‌గా మార్చే జేప్యాకేజ్ 2021లో జావా 16తో పూర్తి హోదా పొందింది. అయితే వెకా లాంటి అప్లికేషన్‌కు కత్తిరింపు అంత సులువు కాదు. 3.7.2 వెర్షన్ నుంచి అందులో ప్యాకేజీ మేనేజర్ ఉంది. వాడేవారు రేపు తగిలించుకునే ప్యాకేజీకి ఏ మాడ్యూల్ కావాలో ఇవాళే చెప్పలేరు. 2019లో ఒరాకిల్ తన జావా లైసెన్సు నియమాలు మార్చాక స్వేచ్ఛగా పంచగల ఓపెన్‌జేడీకే పంపిణీలకు గిరాకీ పెరిగింది. వెకా 3.8.6 విండోస్, మ్యాక్, లినక్స్ మూటల్లో అజుల్ సంస్థ జులు ఓపెన్‌జేడీకే కలిసే వస్తుంది.

హామిల్టన్‌కు సుమారు 120 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న ఆక్లాండ్‌లో సమస్య తలకిందులుగా వచ్చింది. అక్కడ తయారైంది అప్లికేషన్ కాదు, భాషే. 1990ల మొదట్లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్‌లు తమ విభాగంలోని మెకింటాష్ ల్యాబులో గణాంకశాస్త్రం నేర్పడానికి తగిన సాఫ్ట్‌వేర్ దొరకక, ఒక చిన్న లిస్ప్ ఇంటర్‌ప్రెటర్ నుంచి ఆర్ భాషను పెంచారు. 1995లో అది జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కిందికి వచ్చింది, 2000 ఫిబ్రవరి 29న 1.0.0 విడుదలైంది. ఆర్ స్టాండర్డ్ లైబ్రరీ చాలావరకు ఆర్‌లోనే రాసింది. 2004 ఏప్రిల్‌లో వచ్చిన 1.9.0లో, అంతవరకూ ఒకే ముద్దగా ఉన్న బేస్ ప్యాకేజీని బేస్, గ్రాఫిక్స్, స్టాట్స్, యుటిల్స్ అని నాలుగుగా విడదీశారు. అదే ఏడాది అక్టోబరులో 2.0.0 లేజీ లోడింగ్ తెచ్చింది. అంటే ఫంక్షన్లన్నీ ముందే మెమరీలోకి రావు, పిలిచినప్పుడే వస్తాయి. విండోస్‌లో ఆర్ ఫోల్డర్‌ను యూఎస్‌బీ డ్రైవ్ మీదికి కాపీ చేసినా నడుస్తుంది. పెద్దగా ఎవరూ పట్టించుకోని ఈ గుణమే తర్వాత అక్కరకొచ్చింది.

ఆక్లాండ్‌లోనే క్రిస్ వైల్డ్ నాయకత్వంలో ఇన్‌సైట్ అనే డెస్క్‌టాప్ అప్లికేషన్ తయారైంది (పలకడం ఇలాగే, రాసేటప్పుడు నడుమ న్యూజిలాండ్ పొడి అక్షరాలు వస్తాయి). దేశంలోని హైస్కూలు పిల్లలు కోడ్ రాయకుండా, మౌస్ నొక్కులతో సమాచారాన్ని పరిశీలించాలన్నది దాని ఉద్దేశం. 2013లో ఆ దేశపు హైస్కూలు అర్హత విధానమైన ఎన్‌సీఈఏ మూడో స్థాయి గణాంకశాస్త్రంలో, ఉన్న నమూనా నుంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసే బూట్‌స్ట్రాప్ పద్ధతి ప్రవేశించడంతో ఇలాంటి సాఫ్ట్‌వేర్ అవసరం మరింత పెరిగింది. ముందు ఆర్ దించుకోండి, తర్వాత ఈ ప్యాకేజీలు, ఆపైన జీటీకే అనే గ్రాఫిక్స్ లైబ్రరీ అని స్కూలు టీచరుకు చెబితే తరగతి ఆ రోజుకు అయిపోయినట్టే. విండోస్ ఇన్‌స్టాలర్‌లో ఆర్, దాని ప్రామాణిక ప్యాకేజీలు, ఇన్‌సైట్ సొంత ప్యాకేజీలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో దిగుతాయి. లోపల ఒక భాష మొత్తం ఉందని పిల్లలకు తెలియనక్కర్లేదు. ఆర్ జీపీఎల్ కింద ఉండడం వల్ల ఇలా పంచడానికి అడ్డు లేదు, మూలకోడ్ అందుబాటులో ఉంచితే చాలు. ఇన్‌సైట్ కూడా అలాంటి లైసెన్సుతోనే వస్తుంది.

ఈ పద్ధతికి మరో ముఖమూ ఉంది. ఇన్‌సైట్ కిటికీలు గీయడానికి ఆధారపడిన ఆర్‌జీటీకే2 ప్యాకేజీని 2021లో ఆర్ అధికారిక భాండాగారం నుంచి పక్కన పెట్టేశారు. కొత్త ఆర్ తెచ్చుకుని విడిగా ఇన్‌స్టాల్ చేసుకునేవారికి దారి మూసుకుపోయింది. అప్పటికే మూటలో ఆ ప్యాకేజీ పాత కాపీ ఉన్నవారి పని ఆగలేదు. అయితే ఆ మూటలోని ఆర్ పాతబడుతూ ఉంటుంది, అందులోని లోపాలు కూడా అలాగే ఉండిపోతాయి, కొత్త మూట తయారైతే తప్ప సవరణ లేదు. అదే బృందం, ఆర్‌తో వెబ్ అప్లికేషన్లు తయారుచేసే షైనీ మీద నిర్మించిన ఇన్‌సైట్ లైట్ బ్రౌజర్‌లో నడుస్తుంది. అక్కడ ఆర్ గానీ, దాని లైబ్రరీ గానీ వాడేవారి కంప్యూటర్‌లోకి రావు. వెర్షన్లు, ప్యాకేజీలు సరిచూసే బాధ్యత సర్వర్ నడిపేవారిది.