బడి దాటిన తరువాత: ఉద్దాన ప్రాంత ప్రత్యేక విద్యార్థుల వయోజన జీవన ప్రణాళిక - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల తీరభూమిని ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఈ నేలకు ఆ పేరును సార్థకం చేశాయి. దీనికి పశ్చిమాన, దక్షిణాన పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు, టెక్కలి పాలనా వ్యవహారాలకు కేంద్రాలుగా ఎదిగాయి. ఈ ప్రాంతంలో మేధోవైకల్యం గల విద్యార్థి బడి ముగించి వయోజనుడయ్యే సంధి దశను మన విద్యా చరిత్ర ఎలా చూసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చట్టాలు బడిలో ప్రవేశాన్ని హక్కుగా గుర్తించాయి గాని, బడి నుండి నిష్క్రమణను ఒక విద్యా కర్తవ్యంగా గుర్తించలేదన్నది ఇందలి ప్రతిపాదన.

చట్టం గీసిన వయోరేఖ

వికలాంగ బాలలను సాధారణ పాఠశాలల్లో చేర్చే కేంద్ర పథకం 1974లో మొదలైంది. 1984లో సికింద్రాబాదులో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ప్రత్యేక తరగతులను పూర్వ ప్రాథమిక, ప్రాథమిక, మాధ్యమిక, పూర్వ వృత్తి దశలుగా విభజించింది. అనగా చదువు చివర పని ఉండాలన్న ఆలోచన తెలుగు నేలపై నాలుగు దశాబ్దాల క్రితమే రూపుదిద్దుకొంది.

1995 నాటి వికలాంగుల చట్టం 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హామీ ఇచ్చింది. వృత్తి శిక్షణ సౌకర్యాలను మాత్రం ప్రత్యేక పాఠశాలలకు ముడిపెట్టింది. ఈ ముడి ఫలితం గ్రామీణ తీరప్రాంతంపై పడింది. 2001 తరువాత సర్వశిక్షా అభియాన్ కింద ఇక్కడి పిల్లలు చేరినవి ఊరి బడులు. తోడుగా లభించినవి మండల స్థాయి భవిత కేంద్రాలు, సహిత విద్య ఉపాధ్యాయులు, ఫిజియోథెరపీ సేవలు. పిల్లవాడు ఇంటికి దగ్గరగా చదువుకోగలిగాడు. పూర్వ వృత్తి దశ మాత్రం నగరాల ప్రత్యేక పాఠశాలల వద్దనే నిలిచిపోయింది. సమ్మిళిత విద్య సాధించిన విజయంలోనే ఈ లోటు దాగి ఉంది.

2016 చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్‌ను 3 నుండి 4 శాతానికి పెంచి, మేధోవైకల్యం గలవారికీ అందులో చోటు కల్పించింది. అయినా ఉచిత విద్య హక్కు 18 ఏళ్ల వద్దనే ఆగింది. ఇందుకు భిన్నంగా అమెరికా 1990లో తన ప్రత్యేక విద్యా చట్టాన్ని సవరించి, విద్యార్థి వ్యక్తిగత ప్రణాళికలోనే బడి తరువాతి జీవితానికి సంబంధించిన సేవలను చేర్చింది. అక్కడ సంధి దశ బడి బాధ్యత. ఇక్కడ అది కుటుంబ బాధ్యత.

కుటుంబం మోసిన భారం

ఆ బాధ్యతను ఉద్దానపు కుటుంబం ఏ ఆధారంతో మోయగలదు? తోట, కొబ్బరిపీచు పని, జీడిపప్పు బట్టీ - ఇవి చేతిపనిని చిన్నచిన్న భాగాలుగా పంచుకొనే వృత్తులు. పిక్కలను కాల్చడం లేదా ఉడికించడం, పెంకు కొట్టడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం, పలుకులను పరిమాణాన్ని బట్టి వేరుచేయడం వేర్వేరు పనులు. వీటిలో పెంకు కొట్టే పని ప్రమాదకరం. పెంకులోని జీడి చర్మాన్ని కాలుస్తుంది. గుండు, బద్ద, ముక్క వేరుచేయడానికి అక్షరజ్ఞానం కంటే కంటి నిలకడ, పునరావృత సాధన ముఖ్యం. ప్రత్యేక విద్యలో పనిని అంచెలుగా విడదీసి నేర్పే పద్ధతికి ఇది సహజంగా ఒదుగుతుంది. అయితే యంత్రీకరణ సరిగ్గా ఈ సులభ దశలనే ముందుగా ఆక్రమిస్తుంది. కనుక వృత్తి శిక్షణ నేటి కార్ఖానాను చూసి రూపొందాలి, నిన్నటి బట్టీని చూసి కాదు.

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటలను నేలకూల్చింది. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అంతకుముందు నుండే, 1990ల తరువాత గుర్తింపులోకి వచ్చిన కారణం తెలియని మూత్రపిండ వ్యాధి పనిచేసే వయసులోని వారిని కబళిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఈ సంక్షోభ తీవ్రతకు నిదర్శనం. డయాలసిస్‌కు వెళ్లే తండ్రి, వలసపోయిన అన్న, 18 నిండిన మేధోవైకల్యం గల బిడ్డ ఒకే ఇంట ఉన్నప్పుడు 'కుటుంబం చూసుకొంటుంది' అన్న పాలనాపరమైన ఊహ నిలవదు.

సంరక్షకత్వం, పింఛను

18 నిండగానే తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వం ముగుస్తుంది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం జిల్లా స్థానిక స్థాయి కమిటీ ద్వారా సంరక్షకుని నియమించే మార్గం చూపింది. 2016 చట్టం, వ్యక్తి ఇష్టానికి విలువనిస్తూ కలిసి నిర్ణయించే పరిమిత సంరక్షకత్వాన్ని ప్రవేశపెట్టింది. తల్లిదండ్రుల ఆరోగ్యమే నిలకడ లేని చోట ఈ దరఖాస్తు వాయిదా వేయదగినది కాదు. సదరం ధ్రువపత్రం, దానిపై 2024 జూలై నుండి రూ. 6,000కు పెరిగిన పింఛను జీవనానికి ఆసరాలే. కాని పింఛను ఆదాయాన్ని ఇస్తుంది, దినచర్యను ఇవ్వదు. బడి మానిన యువకుడు కోల్పోయేది మొదట దినచర్యనే. దానితోపాటు నేర్చిన నైపుణ్యాలూ జారిపోతాయి.

ముగింపు

పై పరిశీలన నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, సంధి దశ ప్రణాళిక 18వ ఏట కాక 14వ ఏట ప్రారంభం కావాలి. జాతీయ విద్యావిధానం 2020 ఆరవ తరగతి నుండి ప్రతిపాదించిన వృత్తి పరిచయంలో ఈ విద్యార్థులకు స్థానం కల్పించాలి. రెండవది, పూర్వ వృత్తి దశను ప్రత్యేక పాఠశాలల నుండి భవిత కేంద్రాలకు విస్తరించి పలాస కార్ఖానాలతో, కొబ్బరిపీచు కేంద్రాలతో అనుసంధానించాలి. మూడవది, ధ్రువపత్రం, సంరక్షకత్వం, పింఛను అనేవి బడి వదిలేలోగా పూర్తికావలసిన అంశాలుగా విద్యార్థి వ్యక్తిగత ప్రణాళికలో చేరాలి. బడిలో ఎందరు చేరారన్న లెక్క ఇప్పటికే ఉంది. బడి వదిలిన ఐదేళ్లకు వారు ఎక్కడ, ఎవరితో, ఏ పనిలో ఉన్నారన్న వివరాలను ఈ మండలాల్లో సేకరించడమే ఈ రంగంలో తదుపరి పరిశోధనకు తొలి మెట్టు.