కోడ్‌లో రంగులు సరిగా కనిపించడం లేదా? ఎడిటర్‌లో సింటాక్స్ హైలైటింగ్ ఇలా మార్చుకోవచ్చు

పైథాన్ నేర్చుకునే పిల్లల ల్యాప్‌టాప్ చూస్తే కోడ్‌లో ఒక్కో మాట ఒక్కో రంగులో ఉంటుంది. దీన్నే సింటాక్స్ హైలైటింగ్ అంటారు. ఏది ఆదేశం, ఏది కొటేషన్ల మధ్య ఉండే స్ట్రింగ్, ఏది మనుషుల కోసం రాసిన కామెంట్ అన్నది ఎడిటర్ గుర్తుపట్టి రంగులు వేస్తుంది.

ఇది అందం కోసం కాదు. మూడు కొటేషన్లతో మొదలైన స్ట్రింగ్‌ను మూయడం మర్చిపోతే, కింద ఉన్న కోడ్ అంతా స్ట్రింగ్ రంగులోకి మారిపోతుంది. ప్రోగ్రామ్ నడపకముందే తప్పు కంటికి తెలిసిపోతుంది.

అందరికీ ఒకేలా కనిపించవు

మైక్రోసాఫ్ట్ 2015లో తెచ్చిన ఉచిత ఎడిటర్ వీఎస్ కోడ్‌లో, మామూలుగా వచ్చే డార్క్ థీమ్‌లో కామెంట్లు ఆకుపచ్చగా, స్ట్రింగ్‌లు నారింజ కలిసిన గోధుమ రంగులో ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివారికి ఈ రెండూ దాదాపు ఒకటిగానే కనిపించవచ్చు. ఈ లోపం ఎక్కువగా పుట్టుకతో వస్తుంది, తల్లి వైపు నుంచి సంక్రమిస్తుంది, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అలాగే చూస్తారు కాబట్టి తమకు లోపం ఉందని పిల్లలకే తెలియదు. కోడ్ అర్థం కావడం లేదని పిల్లవాడు అంటే, బుర్ర లేదని తిట్టేముందు ఈ సంగతి కూడా చూడాలి. కంటి డాక్టర్ దగ్గర ఇషిహారా పరీక్షతో కొద్ది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

మార్చే పద్ధతి

మొదట సులువైన దారి. కంట్రోల్ నొక్కి పట్టుకుని వరుసగా కె, టి నొక్కితే థీమ్‌ల జాబితా వస్తుంది. అందులో హై కాంట్రాస్ట్ థీమ్‌లు ముందే ఉంటాయి. రంగుల తేడా తెలియనివారి కోసం చేసిన థీమ్‌లు గిట్‌హబ్ థీమ్ అనే ఎక్స్‌టెన్షన్‌లో దొరుకుతాయి.

థీమ్ అంతా మార్చకుండా ఒకటి రెండు రంగులే మార్చాలంటే:

1. కంట్రోల్, కామా కలిపి నొక్కి సెట్టింగ్స్ తెరవాలి.
2. పైన వెతికే పెట్టెలో ఇంగ్లీషులో టోకెన్ కలర్ అని టైప్ చేయాలి.
3. టోకెన్ కలర్ కస్టమైజేషన్స్ కింద ఉన్న లింక్ నొక్కితే సెట్టింగ్స్ ఫైలు తెరుచుకుంటుంది.
4. అక్కడి బ్రాకెట్ల మధ్య కొటేషన్ గుర్తు పెట్టగానే కామెంట్స్, స్ట్రింగ్స్, కీవర్డ్స్ వంటి పేర్లను ఎడిటరే చూపిస్తుంది. కావలసినది ఎంచుకుని రంగు కోడ్ ఇచ్చి, ఫైలును సేవ్ చేయాలి.

కామెంట్లకు లేత నీలం, స్ట్రింగ్‌లకు పసుపు పెడితే ఎక్కువమందికి తేడా స్పష్టంగా తెలుస్తుంది. రంగు కోడ్ పక్కన వచ్చే చిన్న గడిపై మౌస్ ఉంచితే రంగుల పలక వస్తుంది, అందులోంచి కూడా ఎంచుకోవచ్చు.

ఇక్కడ చేసిన మార్పు అన్ని భాషలకూ వర్తిస్తుంది. పైథాన్‌కు మాత్రమే కావాలంటే టెక్స్ట్‌మేట్ రూల్స్ అనే భాగంలో విడిగా రాయాలి. కోడ్‌లోని మాటను ఎడిటర్ ఏ పేరుతో గుర్తిస్తుందో తెలుసుకోవడానికి, కంట్రోల్, షిఫ్ట్, పి నొక్కి ఇన్‌స్పెక్ట్ ఎడిటర్ టోకెన్స్ అండ్ స్కోప్స్ అనే ఆదేశం వాడాలి.

ఒక జాగ్రత్త

రంగులు ఫైలులోకి వెళ్లవు, అవి ఆ ఎడిటర్‌లోనే ఉంటాయి. అందుకే ఎన్ని మార్చినా ప్రోగ్రామ్ పాడవదు. అదే ఫైలును ఇంకొకరు తెరిస్తే వాళ్ల రంగుల్లోనే కనిపిస్తుంది. పరీక్ష హాల్లో కంప్యూటర్ మీద సొంత రంగులు ఉండకపోవచ్చు కాబట్టి, అప్పుడప్పుడూ రంగులు లేని నోట్‌ప్యాడ్‌లో కూడా కోడ్ చదవడం అలవాటు చేసుకోవాలి.