చిరివేరు

అమ్మోరికి సమర్పించు ఎఱ్ఱని వస్త్రమును మనమందఱము అంగడిలోనే కొనుచున్నాము. ఆ ఎఱుపు దేనినుండి వచ్చినదని అడుగువారు లేరు. మేమును ఇంతవఱకు అడిగినవారము కాము. అమెరికాలో వర్జీనియా రాష్ట్రమందలి హెర్న్‌డన్ పట్టణమున కాపురమున్న మన ద్వీపపు బిడ్డ యొకతె, అదే రాష్ట్రమున విలియమ్స్‌బర్గ్ ప్రదర్శనశాలలో కోరమండల తీరమునుండి రెండువందల యేండ్లకు పూర్వము వెళ్లిన అద్దకపు వస్త్రమును చూచి, “పంతులుగారూ, ఈ ఎఱుపునకు మన భాషలో పేరేమి?” అని మాకు జాబు వ్రాసినది.

మాకు తోచిన మొదటి మాట మంజిష్ఠ. అది తప్పు. మంజిష్ఠ కొండలలో ప్రాకు తీగ, వైద్యులకును తెలిసినదే. తీరపు అద్దకమునకు పేరు తెచ్చినది చిరివేరు. ఈ మాటను మా తాతల నోట విన్న గుర్తు మాలో ఒక్కరికిని లేదు.

చిరివేరు సముద్రపు టిసుకలో పెరుగు చిన్న మొక్క. సన్నని ఆకులు, చిన్న తెల్లని పూవులు. చూచినవాడు కలుపు అనుకొని త్రొక్కి పోవును. దాని ధనమంతయు భూమిలోపల నున్నది. నూలువలె సన్ననై పొడుగుగా దిగు వేరు, ఆ వేరు బెరడులో రంగు. తమిళులు దీనిని సాయవేర్ అందురు, సాయమనగా రంగు. శాస్త్రజ్ఞులు ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా అని పేరు పెట్టి కాఫీచెట్టు కుటుంబముననే చేర్చిరి. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ దొర 1795లో అచ్చయిన కోరమండల తీరపు మొక్కల గ్రంథమున దీని బొమ్మ వేయించెను. సాగుచేసిన వేరుకంటె తనంతట మొలచిన వేరే మేలని అద్దకపువారి యెన్నిక.

ఈ వేరు కాచిన నీరు తనంతట గుడ్డకు గట్టిగా పట్టదు. ముందుగా గుడ్డను కరక్కాయ కషాయమున, గేదెపాలలో నానవేసి ఆరవేయుదురు. పాలలోని క్రొవ్వు వలన రంగు గీత దాటి ప్రాకదు. పిమ్మట ఎఱుపు కావలసిన చోట వెదురుకలముతో పటికనీరు వ్రాయుదురు. అప్పుడు చిరివేరు పొడి వేసిన నీటిలో గుడ్డను కాచినచో, గుడ్డ యంతయు ఎఱ్ఱబాఱి పాడైనట్లే కనబడును. కాని పాఱు నీటిలో ఉతికి, ఎండలో పఱచి, దినముల తరబడి నీరు చల్లుచుండగా, పటిక లేని చోట రంగు తొలగును. పటికయున్న చోట మాత్రము నిలుచును. పెండ్లికూతురి పాదములకు మనము పూయు పారాణి పసుపు సున్నముల కూడిక. నాలుగు దినములలో పోవును. చిరివేరు ఎఱుపు ఉతికినకొలది తేరును.

1618 మొదలు 1622 వఱకు మచిలీపట్టణమున ఇంగ్లీషు వర్తకుడుగా నుండిన విలియం మెథ్వోల్డ్, 1626లో వెలువడిన తన గోలకొండ వృత్తాంతమున ఈ వేరును గూర్చి వ్రాసెను. ఇది ఈ దేశముననే పెరుగుననియు, రాజుగారి ప్రత్యేక సరకనియు చెప్పెను. మొదటి మాట సరికాదు. తమిళతీరమునను సింహళమునను ఈ మొక్క గలదు. రెండవ మాట వలన దీని విలువ తెలియుచున్నది. ఈ అద్దకపు వస్త్రములకు భయపడి ఫ్రాన్సు 1686లో వానిని నిషేధించి, 1759 వఱకు నిషేధము నెత్తలేదు. ఆ నడుమనే, 1742లో, తెలుగు నేర్చిన ఫ్రెంచి మతగురువు కూర్దూ అద్దకపు పద్ధతిని వివరముగా స్వదేశమునకు వ్రాసి పంపెను. రాజులును, వర్తకులును, గురువులును ఇట్లు వ్రాతల కెక్కిరి. ఇసుకలో కూర్చుండి సన్నని వేరు తెగకుండ తవ్విన కూలివారి పేరొక్కటియు మాకు కనబడలేదు.

1868లో బెర్లినున గ్రేబ, లీబెర్మన్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు తారులోని పదార్థమునుండి అలిజరిన్ అను ఎఱ్ఱరంగును తయారుచేసిరి. చిరివేరులో నుండునదియు అదియే. మఱుసటి యేట పేటెంట్లు వచ్చెను. కొలది యేండ్లలో అలిజరిన్ చౌకయైనది. ఎఱుపు నిలిచినది, వేరు తవ్వువారికి పని పోయినది. నేడు మచిలీపట్టణము చెంత పెడనలో అద్దకము చేయువారును అలిజరిన్ వాడుచున్నారు. అందు దోషమేమియు లేదని మా అభిప్రాయము. వేరు తవ్వి బ్రదుకుట సుఖమైన బ్రదుకు కాదు.

కాని మాట పోయినందులకు మాకు బాధయే. మన పెద్దలు కోరంగి మొదలగు రేవులలో ఓడ యెక్కి ఈ మారిషస్ ద్వీపమునకు వచ్చిరి. అందుచేతనే మనలను కొరంగీలనిరి. వచ్చినవాడు సాలెవాడా, అద్దకపువాడా, రైతా యని చెఱకుతోటలో భేదము లేదు. అందఱికిని కత్తి యొకటే. కావున వంటమాటలు, పూజమాటలు, చుట్టరికపు మాటలు ఇంట నిలిచినవి; చేతిపనుల మాటలు ఒకటి రెండు తరములలో రాలిపోయినవి. అమ్మోరు, పారాణి, కుంకుమ మనకు మిగిలినవి. చిరివేరు మిగులలేదు.

హెర్న్‌డన్ బిడ్డకు ఈ మాటను తెలుగు అక్షరములలో వ్రాసి పంపితిమి. మన కుటుంబములలో ఎవరి పెట్టెలోనైన పెద్దలనాటి అద్దకపు గుడ్డ యున్నచో, శనివారపు భజనకు వచ్చునపుడు దయచేసి తీసికొని రావలెను. ఉతికి తేవలదు.